ప్రాజెక్టుకు ల్యాబ్ తప్పనిసరా?
ల్యాబ్, కిట్లు లేని బడిలో ప్రాజెక్టు ఆధారిత బోధన కుదరదని ఒక వ్యాసకర్త రాసిన మాట నేను ఒప్పుకోను. చాలాసార్లు లోపం ప్రశ్నలోనే ఉంటుంది. ‘సముద్రపు నీటిలో ఉప్పు ఉందా’ అంటే పిల్లలు పుస్తకం చూసి రాసేస్తారు. ‘మన విశాఖ ఆర్కే బీచ్ నీళ్లలో మార్చిలో ఎంత ఉప్పు, నవంబరులో ఎంత’ అంటే కొలవక తప్పదు. జట్టుకు అర లీటరు నీళ్లు పలచటి గుడ్డతో వడగట్టి, ముందే తూచిన స్టీలు గిన్నెలో మరిగించాలి. 100 మి.లీ. చాలదు, వచ్చేది 3 గ్రాములే, వంటింటి తూకం మిషన్ 1 గ్రాము తేడా చూపినా లెక్క పోతుంది. చిక్కబడగానే మంట ఆపాలి, లేకపోతే ఉప్పు చిటపటలాడి బయటికి ఎగిరిపోతుంది. మిగతా తడి ఎండలో ఆరాలి. విశాఖ ఉక్కపోతలో అందులోని మెగ్నీషియం లవణాలు తేమ లాగేసి బరువు పెంచుతాయి కనుక ఎండలోంచి తీసిన వెంటనే తూచాలి. సుమారు 15 గ్రాములు తేలుతుంది, అయితే ఈ అంకె టీచరు ముందే చెప్పకూడదు. జట్ల అంకెలు కలవనప్పుడే అసలు పాఠం మొదలవుతుంది, దయచేసి ఆ పీరియడ్‌ను సిలబస్ తొందరలో వదిలేయకండి. నవంబరులో ఉప్పు తగ్గితే, గంగ, మహానది వరద నీరు తీరం వెంట దక్షిణానికి రావడం దాకా చర్చ వెళ్తుంది.