మనసు వైద్యానికి మరిన్ని చేతులు

కుంగుబాటుకు మాత్రలతోపాటు మాటా మందేనని పరిశోధనలు రుజువు చేసినా, ఆ చికిత్స మన పల్లెల దరిచేరడం లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం, సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి ఏ వైద్యమూ అందడంలేదు. నిపుణుల సంఖ్య పెరిగేదాకా వీరంతా ఆగాలనడం అన్యాయం.

గోవాలో సంగత్ సంస్థ వేరే దారి పట్టింది. మానసిక వైద్యంలో ఏ అనుభవమూ లేని స్థానికులకు శిక్షణనిచ్చి, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సెలర్లుగా నియమించింది. బయటికి రావడం, నలుగురితో మాట్లాడటం మానుకున్న మనిషి చేత, ఒకప్పుడు తృప్తినిచ్చిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడం వారి పని. అదీ ఆరు నుంచి ఎనిమిది విడతల్లోనే. తీవ్ర కుంగుబాటుతో ఉన్న 495 మందిపై జరిగిన ఈ పరీక్షలో, మూడు నెలలకు కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం మంది, కేవలం ఆరోగ్య కేంద్రం వైద్యం పొందినవారిలో 39 శాతం మంది కోలుకున్నారు.

ఈ ఫలితం ఏ ఒక్క శాస్త్రం ఘనతా కాదు. మనోవైద్యులు, సైకాలజిస్టులు చికిత్సను సామాన్యుడు నేర్వగలిగేలా మలిస్తే, గణాంక నిపుణులు పోలికలో పక్షపాతానికి తావులేకుండా చూశారు, ఆర్థికవేత్తలు ఖర్చు లెక్కగట్టారు. అన్నిటికన్నా విలువైనది మరొకటుంది: కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులను కలిసి విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకున్నారు. డిగ్రీ ఉన్నవారిలోనైనా ఈ క్రమశిక్షణ ఎంతమందికి ఉంది?

పశ్చిమ గోదావరి జిల్లాలో ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లిన ఆశా కార్యకర్తలు, బాధితులను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చగలమని ఇప్పటికే చూపారు. అయితే గుర్తించాక వారానికోసారి కూర్చుని మాట్లాడే మనిషి కూడా కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు (14416) చేసే ఫోన్ ఆపదలో ఆదుకుంటుంది గానీ, ఆ లోటును పూర్తిగా తీర్చలేదు. ఇప్పటికే పనిభారంతో సతమతమవుతున్న ఆశాలపై అదనపు వేతనం లేకుండా ఈ బాధ్యత మోపడాన్ని మేము సమర్థించం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెరొక జిల్లాను ఎంచుకుని, వైద్య కళాశాలలను, విశ్వవిద్యాలయాల మనస్తత్వ, గణాంక, సామాజిక శాస్త్ర విభాగాలను ఒక్క ప్రణాళిక కిందికి తేవాలి. ఊరి జనం తమ దిగులును చెప్పుకునే మాటల్లోనే శిక్షణ పుస్తకాలు రాయించాలి. ఎందరు కోలుకున్నారో, ఎందరు మధ్యలో మానేశారో పేర్లు బయటపెట్టకుండా ఏటా ప్రకటించాలి. ఫలితం ఆశించినట్టు రాకపోయినా ప్రకటించాలి.