ఓడినవాళ్ల వైపు నుంచి చూస్తే

మలక్‌పేటలో నేను పొద్దున వెళ్లే జిమ్‌లో ఒక గోడంతా బాక్సర్ మైక్ టైసనే. నల్ల నిక్కరు, నల్ల బూట్లు, మేజోళ్లు లేని కాళ్లు, తలకూ భుజాలకూ మధ్య ఎక్కడ మొదలైందో తెలియని మెడ. ఆ జిమ్‌లో బాక్సింగ్ గ్లవ్స్ ఒక్క జత కూడా లేదు. మూల వేలాడే పంచింగ్ బ్యాగు మీద తడి తువ్వాళ్లు ఆరేస్తుంటారు. అయినా గోడ మాత్రం టైసన్‌దే. టోలీచౌకిలో చూశాను, దిల్‌సుఖ్‌నగర్‌లో చూశాను, అక్కడా అదే బొమ్మ.

ఈమధ్య ఒక రోజు ఆ గోడ కిందే వాదన మొదలైంది. డిగ్రీ చదువుతున్న కుర్రాడొకడు, "మంచి ఊపులో ఉన్న టైసన్ ముందు ముహమ్మద్ అలీ మూడు రౌండ్లు కూడా నిలబడేవాడు కాదు అంకుల్" అన్నాడు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న రిటైర్డు బ్యాంకు ఉద్యోగి ఒకాయన మిషను ఆపి మరీ దిగివచ్చారు. 1980లో అలీ మద్రాసు వచ్చినప్పుడు చూడటానికి వాళ్ల అన్నయ్య ఇంట్లో చెప్పకుండా రైలెక్కాడట. అలాంటి ఇంటివాడి ముందు అనవలసిన మాట కాదు అది. వాదన జిమ్ దాటి పక్కనున్న ఇరానీ హోటల్లోకి వచ్చింది. అక్కడ మూడో వ్యక్తి కలిశాడు. "రాకీ మార్సియానో 49 బౌట్లలో ఒక్కటీ ఓడలేదు. ఇంకేం కావాలి?" అన్నది ఆయన ప్రశ్న.

నాకు ఇంకొకటి కావాలి. ఆ 49 బౌట్లలో అవతల నిలబడినవాళ్ల వయసు కావాలి.

బాక్సర్ల గొప్పతనం గురించి మనం మాట్లాడేటప్పుడు గెలిచినవాడి పేజీ ఒక్కటే చదువుతాం. ఎన్ని గెలుపులు, ఎన్ని నాకౌట్లు, ఎన్ని సెకన్లు. ఓడినవాడు ఆ రాత్రి ఎలా ఉన్నాడు, అంతకుముందు ఎన్ని దెబ్బలు తిని వచ్చాడు, అసలు బరిలోకి ఎందుకు దిగాడు అన్న పేజీ తిప్పం. తిప్పితే చాలా విగ్రహాల ఎత్తు మారిపోతుంది.

మార్సియానోనే తీసుకుందాం. 1951లో అతను మాజీ హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్‌ను ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. లూయిస్‌కు అప్పటికి 37 ఏళ్లు. ఒకసారి రిటైరై, పన్ను బాకీల ఒత్తిడితో మళ్లీ గ్లవ్స్ కట్టుకున్న మనిషి. 1952లో మార్సియానో జెర్సీ జో వాల్‌కాట్ నుంచి హెవీవెయిట్ టైటిల్ గెలుచుకున్నాడు, వాల్‌కాట్‌కు 38. 1955లో చివరి బౌట్ ఆర్చీ మూర్‌తో. మూర్ పుట్టిన సంవత్సరానికి రెండు లెక్కలున్నాయి, అందులో తక్కువది వేసుకున్నా అతనికీ 38 ఏళ్లే. పేరున్న ప్రత్యర్థుల్లో ఎజార్డ్ చార్లెస్ ఒక్కడే కాస్త చిన్నవాడు, 32. కానీ చార్లెస్ అసలు సత్తా కనబడింది అంతకు చాలా ముందు, హెవీవెయిట్ కన్నా ఒక మెట్టు కిందిదైన లైట్ హెవీవెయిట్‌లో. అదే మూర్‌ను అతను మూడుసార్లు ఓడించాడు. అయినా ఆ విభాగంలో టైటిల్ కోసం తలపడే అవకాశమే అతనికి రాలేదు. చార్లెస్ పేరు హోటల్లో ఆ రోజు నేను ఎత్తితే తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. నా దృష్టిలో అన్యాయమంటే అదే.

మరి మార్సియానోది ఉత్త పేరేనా అంటే, కాదు. వాల్‌కాట్‌తో బౌట్‌లో మొదటి రౌండ్‌లోనే కింద పడ్డాడు. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురి స్కోరు కార్డుల్లోనూ వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండ్‌లో ఒకే ఒక్క కుడి చేతి దెబ్బతో తేల్చేశాడు. అది మామూలు గుండెకు సాధ్యమయ్యే పని కాదు. మనిషి నిఖార్సయినవాడే, పేచీ అంతా ఓటముల గడిలో ఉన్న ఆ సున్నాతో. 1950లో రోలండ్ లాస్టార్జాతో జరిగిన బౌట్‌లో ఒక జడ్జి ఇతని వైపు, ఒక జడ్జి అతని వైపు మొగ్గారు. రెఫరీ రౌండ్ల లెక్క సమానంగా వచ్చింది. అదనపు పాయింట్లు చూసి మార్సియానోను గెలిపించారు. ఆ పాయింట్లు నాలుగు అటు పడి ఉంటే సున్నా ఉండేది కాదు. మనిషి మాత్రం అదే మనిషి. మరి అప్పుడు మన హోటల్ మిత్రుడు ఏమనేవాడు?

ఓటమి గడిలోని సున్నాకు ఉన్న మాయ అది. 1993లో మెక్సికో వీరుడు హూలియో సీజర్ చావెజ్ 87 వరుస విజయాలతో పెర్నెల్ విటేకర్ ముందుకు వచ్చాడు. ఆ రాత్రి విటేకర్ అతన్ని తికమకపెట్టి ఆడుకున్నాడు. ఇద్దరు జడ్జీలు మాత్రం సమానమన్నారు. బౌట్ డ్రా అయింది, సున్నా బతికింది. ఓటమే లేని అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ 50 విజయాల్లో యాభయ్యోది, అంతకుముందు ప్రొఫెషనల్ బాక్సింగ్ రింగ్‌లో అడుగే పెట్టని కొనర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. 2001లో అదే మేవెదర్, అప్పటికి ఓటమి తెలియని డియెగో కొరాలెస్‌ను ఐదుసార్లు నేలకూల్చాడు. ఆ బౌట్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, యాభై గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ. చాలామంది నిపుణులు అందరికన్నా పైన కూర్చోబెట్టే షుగర్ రే రాబిన్సన్ ఖాతాలోనేమో 19 ఓటములు ఉన్నాయి.

ఒక గెలుపును పదిమంది పది నోళ్లతో చెప్పుకుంటూ పోతే అది పెరుగుతుంది. ఇది మనకు కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కథ మా తాతయ్య చెబితే ఒక ఏనుగు, మా మేనమామ చెబితే ఇంకాస్త పెద్ద ఏనుగు. రామ్మూర్తి గారి బలం నిజమే, ఏనుగు బరువు మాత్రం చెప్పేవాడి చేతిలో ఉంటుంది.

అర్హతకు మించి ఎత్తినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే నేను చెప్పేది జాక్ డెంప్సీ పేరు. 1950లో అమెరికన్ పత్రికా రచయితల మధ్య జరిగిన ఓటింగ్‌లో అర్ధ శతాబ్దపు మేటి బాక్సర్‌గా నిలిచింది అతనే. 1919 నుంచి 1926 వరకు చాంపియన్. అందులో చివరి మూడేళ్లు టైటిల్‌ను పణంగా పెట్టనే లేదు. ఆ కాలమంతా హ్యారీ విల్స్ అనే నల్లజాతి బాక్సర్ తన వంతు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. కాగితాల మీద ఒప్పందం దాకా వచ్చి కూడా ఆ బౌట్ జరగలేదు. తప్పు డెంప్సీ ఒక్కడిదే కాదు, నల్లవాడు మళ్లీ హెవీవెయిట్ చాంపియన్ కాకూడదనుకున్న వ్యాపారానిది, సమాజానిది కూడా. కారణం ఎవరైనా, ఆడని బౌట్‌కు మార్కులు వేయలేం కదా. "ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం" అన్న సామెత జో లూయిస్ లాంటివాళ్లకు వాడకూడదు. తన కాలంలో ఉన్నవాళ్లందరినీ వరసపెట్టి పిలిచి, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడు అతను. పక్కనే మర్రిచెట్టు ఉండగా దాని నీడ తన మీద పడకుండా తప్పుకున్నవాడి సంగతి వేరు.

ఇక గోడ మీది మనిషి. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లో కూల్చి, 20 ఏళ్ల 4 నెలలకే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ చిన్న వయసు రికార్డు ఇప్పటికీ అతనిదే. 1988 జూన్ 27న, 22 నిండటానికి ఇంకా మూడు రోజులుండగా, ఓటమి ఎరుగని మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ దాదాపు ఇక్కడితో ఆగిపోతాయి. మనవాళ్లు ఆరాధించే టైసన్ వయసు ఇరవై రెండు దాటదు. 2022లో తెలుగు హీరో సినిమాలో కనిపించిన పెద్దాయనను కూడా ఆ కుర్రాడి పేరు మీదే చూశాం.

తర్వాతి సంగతి? 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్. తల్లి చనిపోయి నెల కూడా కాని డగ్లస్, ఎనిమిదో రౌండ్‌లో పడి, తొమ్మిది లెక్కపెట్టాక లేచి, పదో రౌండ్‌లో టైసన్‌ను ముగించాడు. 1996లో హోలీఫీల్డ్, 2002లో లెనాక్స్ లూయిస్, 2004లో డానీ విలియమ్స్. ఈ వరసలో నన్ను ఆపేది ఓటముల సంఖ్య కాదు. కింద పడ్డాక లేచి గెలిచిన బౌట్ టైసన్ జీవితంలో ఒక్కటీ లేదు. పడ్డ ప్రతిసారీ ఓడాడు. భయపెట్టి గెలవడంలో అతనికి సాటి లేరు. భయపడనివాడు ఎదురైనప్పుడు మాత్రం అతని దగ్గర రెండో పాఠం కనిపించలేదు.

అలీని కూడా ఇదే తూకంలో వేయాలి, బ్యాంకు ఆయన నొచ్చుకున్నా సరే. 1976లో జిమ్మీ యంగ్‌తో, కెన్ నార్టన్‌తో మూడోసారి జరిగిన బౌట్లలో జడ్జీలు అతనికి దయతో ఇచ్చారనే నా అభిప్రాయం. 1978లో అప్పటికి ఏడే బౌట్లు ఆడిన లియోన్ స్పింక్స్ చేతిలో ఓడాడు. చివరి అయిదేళ్ల అలీ పేరుకు తగ్గ అలీ కాదు. అయితే 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో జరిగిన బౌట్ పేజీ తిప్పి చూడండి. అప్పటికి అలీని ఓడించినవాళ్లు ఇద్దరే, జో ఫ్రేజియర్, నార్టన్. వాళ్లిద్దరినీ రెండేసి రౌండ్లలోనే చితక్కొట్టినవాడు జార్జ్ ఫోర్‌మన్. వయసు 25, ఆడిన 40 బౌట్లూ గెలిచాడు. 32 ఏళ్ల అలీ అతన్ని ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. ఓడినవాడి వైపు నుంచి చూసినా ఎత్తు తగ్గని గెలుపు అది.

ఇదంతా విన్నాక కుర్రాడు కాసేపు ఊరుకున్నాడు. నేనే మళ్లీ కదిలించాను. నిఖత్ జరీన్ మన నిజామాబాద్ అమ్మాయి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్, ఆ గోడ మీద ఆమె బొమ్మ ఎందుకు లేదని అడిగాను.

"పారిస్ ఒలింపిక్స్‌లో ఓడిపోయింది కదా అంకుల్. ఊరికే ఎక్కువ చేశారు ఆమెను."

"ఎవరి చేతిలో ఓడింది?"

తెలియదు. ఫోను తీసి వెతికాడు. చైనాకు చెందిన వూ యూ. అంతకు ముందు ఏడాది 52 కిలోల ప్రపంచ చాంపియన్. పారిస్‌లో 50 కిలోల స్వర్ణం ఆమెదే. సీడింగ్ (మేటి బాక్సర్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేకుండా వెళ్లిన నిఖత్‌కు రెండో బౌట్‌లోనే ఎదురుపడింది.

కుర్రాడు టీలో ఉస్మానియా బిస్కెట్ ముంచి, అది విరిగి కప్పులో పడేదాకా ఆలోచించాడు. "మరి డగ్లస్ తర్వాత ఏమయ్యాడు?" అని అడిగాడు.

"ఎనిమిది నెలలకు హోలీఫీల్డ్ మూడో రౌండ్‌లో పడుకోబెట్టాడు. మళ్లీ ఎప్పుడూ చాంపియన్ కాలేదు."

చెంచాతో బిస్కెట్ తీసుకుంటూ, "టైసన్ బొమ్మ తీసేయమని మాత్రం ఓనరును అడగను. పక్క గోడ ఖాళీగానే ఉంది కదా" అన్నాడు.