పిల్లలకు ముందు వడ్డీ లెక్క నేర్పండి

పిల్లలకు డబ్బు విలువ నేర్పాలనగానే అందరికీ గుర్తొచ్చేది కిడ్డీ బ్యాంకు. ఇప్పుడు బ్యాంకు ఖాతా కూడా తోడైంది. పదేళ్లు దాటిన పిల్లల్ని సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోనివ్వచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. మంచిదే. కానీ మన ఇళ్లు గుల్లవుతున్నది దాచుకోవడం చేతకాక కాదు, అప్పు తెచ్చేటప్పుడు లెక్క తెలియక.

బారువడ్డీ, చక్రవడ్డీ హైస్కూల్లో ఉన్నాయి. సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లల్ని 'మీ నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఏడాదికి ఎంత శాతం?' అని అడిగి చూడండి. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతమని చెప్పడానికి తడుముకుంటారు. పుస్తకంలో వడ్డీ ఏడాదికి, ఊళ్లో వడ్డీ నెలకు. ఈ రెండింటినీ కలిపి చూపేవాళ్లు లేరు.

ఫైనాన్స్ వాళ్లు 'ఫ్లాట్ పన్నెండు శాతమే' అంటారు. లక్ష రూపాయలకు ఏడాదిపాటు నెలకు 9,333 కట్టాలి. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే. నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ఇక లోన్ యాప్ సంగతి. ఐదు వేల లోన్ అని చెప్పి, ఫీజుల పేరుతో 1,500 కోసేసి, వారంలో ఐదు వేలూ కట్టమంటే వడ్డీ వారానికే దాదాపు 43 శాతం. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లూ, ఉద్యోగస్తులూ ఉన్నారు. ఆ యాప్ వడ్డీ ఎంతో తేల్చడం ఎనిమిదో తరగతి లెక్కే!

పసివాళ్లకు డబ్బు టెన్షన్ ఎందుకు, సిలబస్ ఇప్పటికే బరువు కదా అంటారు కొందరు. కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, ఉన్న పాఠంలో లెక్కలు మారిస్తే చాలు. టెన్షన్ అంటారా, అప్పిచ్చినవాడు గుమ్మం ముందు కేకలేసిన రోజు పిల్లలకు ఎలాగూ తెలుస్తుంది.

అసలు చిక్కంతా అప్పు సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచే ఈ గుట్టులోనే ఉంది. భార్యకు చెప్పని అప్పు, పెళ్లయ్యాక బయటపడే అప్పు, రైతు పోయాక ప్రామిసరీ నోట్లతో ఇంటికొచ్చే అప్పు. ఇంట్లో అప్పు మాట ఎత్తడమే పరువు తక్కువ అనుకున్నన్నాళ్లూ వడ్డీ వ్యాపారిదే పైచేయి.

ఈ గుట్టును మన దగ్గర మొదట బద్దలు కొట్టింది ఆడవాళ్లే. 1990ల మొదట్లో సారా మీద పోరాడిన నెల్లూరు జిల్లా మహిళలు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. సంఘం మీటింగులో ఎవరెంత తీసుకున్నారో, ఎంత కట్టారో అందరి ముందూ చదువుతారు, పుస్తకంలో రాస్తారు. ఆ లెక్కలు రాసే అక్కలు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్లను నెలకోసారి బడికి పిలవాలి. పేర్లు తీసేసిన సంఘం పుస్తకం పిల్లల ముందు పెట్టి వడ్డీ లెక్క కట్టించాలి. ఆ రోజుకు గౌరవ వేతనం విద్యాశాఖే ఇవ్వాలి.