సర్కారువారూ, దీక్ష యాప్‌లో పేరు ఇవ్వమన్నది మీరే కదా!

మా ఇంట్లో టీచర్లు ఉన్నారు. అందుకే దీక్ష యాప్ నుంచి టీచర్ల, పిల్లల వివరాలు బయటపడ్డాయన్నది పాత వార్తే అయినా నాకు కోపం తగ్గలేదు.

దీక్ష యాప్ ఎవరూ సరదాకి వేసుకున్నది కాదు. కేంద్ర విద్యాశాఖ 2017లో తెచ్చింది. మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది అదే. కరోనా రోజుల్లో పిల్లలకు పాఠాలు అందులోనూ వచ్చాయి, టీచర్లకు నిష్ఠ అనే ప్రభుత్వ ట్రైనింగూ అందులోనే. పైనుంచి ఆర్డర్ వచ్చాక కోర్సు పూర్తి చేయాల్సిందే, వివరాలు ఇవ్వాల్సిందే.

అలా ఇచ్చినవి క్లౌడ్ సర్వర్‌లో ఏ రక్షణా లేకుండా ఏడాదికి పైగా పడి ఉన్నాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక బయటపెట్టింది. 10 లక్షల మందికి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు. దాదాపు 6 లక్షల మంది పిల్లల పూర్తి పేర్లు, వాళ్లు చదివే బడి, ఏ కోర్సు ఎంతవరకు చేశారో కూడా. పిల్లల ఫోన్ నంబర్లలో కొన్ని అంకెలు కనపడకుండా చేశారట. పేరూ బడీ తెలిశాక ఇంక దాచిందేముంది? హ్యాకర్ తాళం పగలగొట్టిన కేసు కాదిది, అసలు తాళమే వేయలేదు. బ్రిటన్‌లోని ఒక సెక్యూరిటీ పరిశోధకుడు గమనించి 2022లోనే దీక్ష సపోర్ట్‌కు మెయిల్ పెట్టాడు. జవాబే లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇప్పుడు చట్టం ఉంది కదా అంటారు. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత పాటించనివాళ్లకు 250 కోట్ల వరకు జరిమానా రాశారు. ఆ డబ్బు వెళ్లేది కేంద్ర ఖజానాకి. నంబరు బయటపడ్డ టీచరమ్మకు ఒక్క రూపాయి రాదు. కంపెనీల నుంచి పరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్నది 43ఏ సెక్షన్. దాన్నీ ఎత్తేయాలని ఇదే చట్టంలో రాశారు. మరి నష్టపోయినవాళ్లు ఎవరిని అడగాలి? బలవంతంగా వివరాలు తీసుకున్నవాళ్లే పరిహారం ఇవ్వాలని చట్టం మార్చాలి. నేను అడిగేది అదొక్కటే.

ఈలోగా టీచర్లకు ఒక మాట. "మేడం, డీఈవో ఆఫీసు నుంచి, మీ నిష్ఠ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే, మీ పేరూ బడి పేరూ కరెక్టుగా చెప్పినా సరే, ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.