లిప్‌స్టిక్ మీదా మీరే, స్మారకం మీదా మీరే: ఆప్టిమా గారికి బహిరంగ లేఖ

ఇంగ్లీష్ అక్షరాల ఫాంట్ ఆప్టిమా గారూ, నమస్కారమండీ.

మీరు సెరిఫ్ ఫాంటా, సాన్స్ సెరిఫ్ ఫాంటా అని అడిగితే సూటిగా జవాబు రాదు. అక్షరం చివర పాదాలుంటే సెరిఫ్, లేకపోతే సాన్స్, ఇంతే కదా రూలు, మీరేమో పాదాలు వద్దన్నారు, పోనీ ఊరుకున్నారా, నడుం దగ్గర సన్నబడి పైకీ కిందకీ పోయేకొద్దీ కొంచెం కొంచెం వెడల్పయ్యి, పాదం ఉన్నట్టూ లేనట్టూ నిలబడ్డారు. గోడ మీద పిల్లి వాటం అంటే ఇదే.

పుట్టుక మాత్రం గొప్పదే. 1950లో హెర్మన్ జాఫ్ అనే జర్మన్ ఆయన ఫ్లోరెన్స్ వెళ్లి, సాంతా క్రోచే చర్చి నేలలో పరిచిన సమాధి రాళ్ల మీద అక్షరాలు చూసి ముచ్చటపడ్డాడు, చేతిలో కాగితం లేదు, జేబులోంచి వెయ్యి లీరాల నోటు తీసి దాని మీదే గీసేశాడు. అందరూ డబ్బు కోసం ఫాంట్ గీస్తారు, మీ నాన్నగారు డబ్బు మీదే గీశారు. 1958లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు అక్షరాలు తయారుచేసే స్టెంపెల్ కంపెనీ మిమ్మల్ని మార్కెట్లోకి వదిలింది.

సమాధుల దగ్గర పుట్టారు కాబట్టి, 1982లో వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికుల స్మారకం కట్టి ఆ నల్లరాతి గోడ మీద సుమారు 58 వేల పేర్లు మీ అక్షరాల్లో చెక్కారంటే సరే అనుకున్నా. న్యూయార్క్ 9/11 స్మారకం కంచు పలకల మీద పేర్లూ మీవే. నిజం చెప్పాలంటే అక్కడ బాగుంటారు, పేరు కనిపిస్తుంది, మీరు కనిపించరు. మరి అదే మొహంతో ఎస్టే లాడర్ మేకప్ సామాన్ల మీద ఏం చేస్తున్నారండీ? ఒకచోట పోయినవాళ్లని గుర్తుంచుకోమంటారు, ఇంకోచోట వయసు మర్చిపొమ్మంటారు, గొంతు మాత్రం ఒక్కటే.

2008లో ఇంకా విచిత్రం. వియత్నాంలో ఐదున్నరేళ్లు బందీగా ఉన్న జాన్ మెకెయిన్ అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్లో నిలబడి ప్రచారానికి మిమ్మల్నే పెట్టుకున్నాడు, అంటే తన యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన అక్షరాలతోనే ఓటు అడిగాడన్నమాట. అవతల ఒబామా గోథమ్ అనే ఫాంట్‌తో దిగాడు, అది శుద్ధ సాన్స్, అటూ ఇటూ ఊగే రకం కాదు. ఓడింది మీ వల్లే అని నేననట్లేదు, ఎకానమీ కూడా కొంచెం కారణం.

ఇటాలిక్ సంగతి ఎత్తితే మీకు కోపమొస్తుందేమో. నిటారు అక్షరాల్నే పక్కకి వంచి ఇటాలిక్ అని అమ్మారు, విడిగా గీసిన అసలైన ఇటాలిక్ 2002లో మీ కొత్త అవతారం ఆప్టిమా నోవా వచ్చాక గానీ దొరకలేదు. మీ అందమంతా ఉన్న ఆ నడుం ఒంపు కూడా పాత కంప్యూటర్ స్క్రీన్ల మీద పిక్సెల్స్ చాలక మాయమైపోయేది.

అయినా మా డిజైనర్లకి మీరే దిక్కు. క్లయింట్ వచ్చి "సింపుల్‌గా ఉండాలి కానీ రిచ్‌గా ఉండాలి, మోడర్న్‌గా ఉండాలి కానీ ట్రెడిషనల్ టచ్ పోకూడదు" అంటాడా, చెయ్యి దానంతటదే ఫాంట్ మెనూలో మీ దగ్గరకి పోతుంది. ఏదీ తేల్చుకోని ఆయన, ఎటూ తేలని మీరు, జోడీ బానే కుదురుతుంది. మొన్న ఒక పళ్ల డాక్టర్ గారి బోర్డుకీ మిమ్మల్నే పెట్టా, ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి "మధ్యలో సన్నబడిందేంటి బాబూ, ప్రింట్ సరిగ్గా రాలేదా?" అన్నారు.

ఇట్లు,
ఏరియల్ ఫాంట్‌తో సర్దుకుపోతున్న ఒక డిజైనర్