మొదటి గంట ఎవరిది?

మా బడిలో ఆలస్యానికి కారణాల కొరత ఎన్నడూ లేదు. బర్రె తప్పిపోయింది, చెల్లె ఏడ్చింది, అమ్మ జడ వేయలేదు, చెప్పు ఒకటే దొరికింది. ఒకసారి రెండో తరగతి పిల్లవాడు పదింటికి వచ్చి, "మా కోడి గుడ్డు పెడుతదేమోనని చూస్తున్న సార్" అన్నాడు. పెట్టిందా అంటే, "పెట్టలే సార్. రేపు గూడ చూడాలె" అని మరుసటి రోజు ఆలస్యానికి కూడా అప్పుడే అనుమతి తీసేసుకున్నాడు.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. నేనక్కడ పంతుల్ని. ఇల్లు మాత్రం నల్లగొండలో. ప్రాథమిక పాఠశాల, పెద్దసారుతో కలిపి ముగ్గురం. బడి తొమ్మిదింటికి. ప్రార్థన మొదలయ్యేటప్పుడు వరుసల్లో సగం మంది, ప్రతిజ్ఞ అయ్యేసరికి ముప్పావు, మొదటి పీరియడ్ అయిపోయాక అందరూ. ఈ ప్రతిజ్ఞ దగ్గరే పెద్దసారుకు ప్రాణం ఉసూరుమనేది. "భారతదేశం నా మాతృభూమి" అని 1962లో రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారిది ఎక్కడో కాదు, నల్లగొండ పక్కనున్న అన్నెపర్తి. "ఆయన సొంత జిల్లాలోనే సగం మంది దాన్ని గేటు బయట ఉరుక్కుంటూ వింటున్నరు గదయ్యా" అని ఆయన బాధ.

చేయని ప్రయత్నం లేదు. కొట్టడానికి ఎలాగూ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నీ, మనసు నొప్పించడాన్నీ రెండింటినీ వద్దంది. నన్నడిగితే మంచిదే. మా కాలంలో చింత బరికెకు భయపడి టైముకు వచ్చినవాళ్ల కంటే, అదే భయానికి చెరువు కట్ట కింద కూర్చుని సాయంత్రం ఇంటికి పోయినవాళ్లే ఎక్కువ. అందుకని పెద్దసారు టైముకు వచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టించారు. లేటుగా వచ్చినవాళ్లు కూడా వచ్చి ఆ చప్పట్లలో కలిసి కొట్టారు. తర్వాత సొంత డబ్బులతో మెరిసే స్టార్ స్టిక్కర్లు కొనుక్కొచ్చారు. నెల తిరిగేసరికి ఊరి బర్రెల కొమ్ములన్నీ మెరిశాయి. గుడ్డు మీద ఆశ పెట్టుకున్నాం. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు గుడ్డు. ఆ రోజుల్లో హాజరుకు ఢోకా లేదు. కాకపోతే పెట్టేది మధ్యాహ్నం కనుక పిల్లలు కూడా లెక్క మధ్యాహ్నానికే సరిచూసుకున్నారు.

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగులో సంగతి తేలింది. 2024లో సర్కారు బళ్లకు వేసిన కమిటీ ఇది. మహిళా సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్. మా అధ్యక్షురాలు సంఘం అప్పు వాయిదాలు ఒక్కరోజు తప్పకుండా వసూలు చేయించే మనిషి. ఆమె ముందర పెద్దసారు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద లెక్క కట్టారు. "అమ్మా, చట్టం ప్రకారం మా తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు అరగంట లేటు వేసుకోండి. ఏడాదికి ఎన్ని గంటలు పోతున్నయి? వంద గంటలు!"

కిటికీ బయట నిలబడి వింటున్న మూడో తరగతి పిల్లవాడి కళ్లు పెద్దవయ్యాయి. "ఆ వంద గంటలు మేం కొట్టుకోవచ్చా సార్?"

అందరం నవ్వాం. అధ్యక్షురాలు నవ్వలేదు. "సారూ, పోరగాండ్లకు ఏది ముద్దో అదే ఇయ్యాలె. ముందుగాల ఎవలొస్తే వాళ్లను గంట కొట్టనియ్యుండ్రి. పైస ఖర్చు లేదు" అంది.

ఆ గంట గురించి చెప్పాలి. నిజానికి అది రెండు జానల రైలు పట్టా ముక్క. దేవరకొండకు రైలు రాలేదు గానీ ఈ ముక్క మాత్రం ఏనాడో వచ్చి మా వేపచెట్టుకు వేలాడింది. కొట్టడానికి ట్రాక్టరు బోల్టు. దెబ్బలు పడీపడీ పట్టా కింది అంచు ఒక్కచోట అద్దంలా నున్నబడింది. అక్కడ తగిలితే ఖంగుమని తండా దాకా పోతుంది, జరిగి తగిలితే టక్కుమని చచ్చిపోతుంది. ఆ చోటు తెలిసినవాడే మొనగాడు. ఆ బోల్టు ఇన్నేళ్లూ అయిదో తరగతి లీడరు చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో పడలేదు.

పెద్దసారు ఆ సాయంత్రమే బోర్డు మీద అందంగా రాశారు: "రేపటి నుండి బడికి మొదట వచ్చినవారే మొదటి గంట కొట్టుదురు."

ఎన్నింటికి కొట్టాలో రాయలేదు. మొదటి గంట 8.45కని అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు.

మొదటి వారం మా బడి చరిత్రలో బంగారు అక్షరాలతో రాయదగ్గది. తొమ్మిదికల్లా వరుసలు నిండాయి. ప్రతిజ్ఞ మొదటి వాక్యం నుంచే అందరి గొంతుల్లో వినబడింది. దసరా సెలవులు దాటితే పత్తి ఏరే కాలం. తల్లులు చేనికి పోతే చంటిపిల్లల్ని చూసుకునే డ్యూటీ నాలుగో తరగతి అక్కలది. అలాంటి కాలంలో ఇంత హాజరా! తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చిన ఒక అక్క వాణ్ని అంగన్‌వాడీలో దించి పరుగున వచ్చింది. చుట్టుపక్కల బళ్ల పంతుళ్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో పెద్దసారు లేచి నిలబడి మరీ చెప్పారు. మిగతా బళ్లవాళ్లు రాసుకున్నారు కూడా.

ఆ రాసుకున్నవాళ్లకు తర్వాత సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

రెండో వారం పోటీ మొదలైంది. ముఖ్యంగా ముగ్గురి మధ్య. బడి గోడకు ఆనుకునే ఇల్లున్న నాలుగో తరగతి పాప, రెండు కిలోమీటర్ల అవతలి తండా నుంచి నడిచొచ్చే పిల్లవాడు, ఆ వంద గంటల మూడో తరగతివాడు. పాప ఎనిమిదిన్నరకు కొడితే మర్నాడు తండా పిల్లవాడు ఎనిమిదింపావుకు కొట్టాడు. మూడోవాడు ఎనిమిదింటికి. బోర్డు మీద ఉన్నది మొదట వచ్చినవారు కొట్టాలని. వచ్చారు, కొట్టారు. మేం నల్లగొండలో బస్సెక్కి దిగేసరికి అంతా పద్ధతిగా ఉండేది. పిల్లలు వచ్చి ఉన్నారు, గంట కొట్టేశారు. ఇంకేం కావాలి?

కానీ మాకు తెలియంది ఒకటుంది. మా గంట మీద బడి ఒక్కటే కాదు, ఊరంతా నడుస్తుంది. అందరి దగ్గరా సెల్‌ఫోన్లు లేవా అంటే ఉన్నాయి. అయితే ఫోన్లో టైం మనం చూడాలి. గంట దానంతటదే చెవిలో పడుతుంది. మొదటి గంటకు పత్తి కూలోళ్ల ఆటో కదులుతుంది. చాయ్ హోటలాయన పొద్దటి బేరం కట్టేసి మిర్చి బజ్జీల పిండి కలుపుతాడు. ఒక తాత బీపీ గోలి వేసుకుంటాడు. మా వంటమ్మ బియ్యంలో రాళ్లేరడం మొదలుపెడుతుంది. గంట రోజుకింత ముందుకు జరుగుతుంటే వీళ్లంతా దాంతోపాటే మెల్లగా జరిగిపోయారు. దేశమంతా ఒక టైం, మా ఊరొక టైం. చేనాసామి ఒక్కడే మహా సంతోషంగా ఉన్నాడట. అదే కూలికి పత్తి ఎక్కువ తూగుతుంటే ఎవరికి చేదు?

ఇక ఆ శుక్రవారం. పొగమంచు ఎంతలా కమ్మిందంటే ముందు మనిషి కనబడడు. నా ఫోన్ మోగింది. చూస్తే అయిదు కాలేదు. అవతల వంటమ్మ గొంతు: "సారూ, గంటయ్యింది. మీరెవ్వరొస్తలేరు. ఇయ్యాల సెలవా ఏంది? బియ్యం కడిగిన మరి!"

ఊళ్లో జరిగింది తర్వాత పది మంది పది రకాలుగా చెప్పారు. కలిపి కుట్టుకుంటే ఇది. చీకట్లో గంట ఖంగుమంది. అదీ ఒకటి కాదు, ఆగకుండా. పొయ్యి ముందున్న ఆడవాళ్లు మంచుకు తెల్లారింది తెలియలేదనుకుని సద్ది కట్టుకుని ఆటో దగ్గరికి ఉరికారు. ఆటో ఉంది, డ్రైవర్ లేడు. వాళ్లు హారన్ కొట్టారు. ఆ మోతకు నైట్ హాల్ట్ బస్సులో పడుకున్న కండక్టర్ లేచి, బస్సు తీసే టైం దాటిపోయిందనుకుని డ్రైవర్‌ని తట్టి లేపాడు. డ్రైవర్ సగం నిద్రలోనే స్టార్ట్ చేశాడు. బస్సు ఎటుపోతుందో చూడకుండానే ఉచితం కదా అని ఇద్దరు ముసలమ్మలు ఎక్కి కూర్చున్నారు. గోలి తాత మాత్రం కదల్లేదు. "రాత్రి మింగింది ఇంక గొంతు దిగలే, నేను మింగ" అని దుప్పటి ముసుగేశాడట. ఊరు మొత్తానికి తెలివైనవాడు ఆయనొక్కడేనని నా అభిప్రాయం.

పాతకాలపు మనుషులకు ఇంకో లెక్క ఉంది. వేళగాని వేళ గంట ఆగకుండా మోగిందంటే ఎక్కడో గడ్డివాము అంటుకున్నట్టు. బిందెలు, బకెట్లతో నీళ్లు పట్టుకుని ఒక గుంపు బడి మీదికి వచ్చింది. టార్చి వేస్తే వేపచెట్టు కింద మంట లేదు. బోల్టు ఒక కొస పట్టుకుని తండా పిల్లవాడు, రెండో కొస పట్టుకుని గోడ పక్క పాప. వాడు లాగినప్పుడొకటి, ఈమె లాగినప్పుడొకటి పట్టాకు తగులుతోంది. అంతసేపూ ఊరును ఉరికించిన గంట చప్పుడు వాళ్ల కొట్లాటది.

"నేను ముందొచ్చిన!"

"నువ్వు రావడం మా ఇంట్లకెల్లి చూసి గోడ దుంకిన! నేనే ముందు!"

బకెట్లు కింద పెట్టి పెద్దమనుషులు అక్కడే పంచాయితీకి కూర్చున్నారు. రెండు కిలోమీటర్లు మంచులో నడిచొచ్చినవాడిదా న్యాయం, గోడ దూకినదానిదా? మాటా మాటా పెరిగి తండా, ఊరు అనే దాకా పోయేదే. ఇంతలో వరండాలోంచి ఒక దుప్పటి లేచి కూర్చుంది. లోపల మూడో తరగతివాడు.

"నేను రాత్రే వచ్చిన" అన్నాడు కళ్లు నలుపుకుంటూ. "గంట కొడ్దామంటే చీకటికి భయమైంది. తెల్లారినంక కొడ్దామని పండుకున్న."

వాళ్లమ్మకు అమ్మమ్మ ఇంట్లో పడుకుంటానని చెప్పాడు. అమ్మమ్మకు అమ్మ దగ్గర పడుకుంటానని చెప్పాడు. వాళ్లమ్మ సద్ది గిన్నె పక్కన పెట్టి వాడి వీపు మీద చేయి ఎత్తింది గానీ, అంతమంది మధ్య వాడు "మొదట వచ్చినవారే అని పెద్దసారు రాసిండు. సదువుకోండ్రి!" అని బోర్డు చూపించేసరికి ఆ చేయి అలాగే ఆగిపోయింది. పంచాయితీ కూడా ఆగిపోయింది. రాతపూర్వకంగా గెలిచింది వాడే.

ఆ రోజు తొమ్మిదింటికి నూటికి నూరు శాతం హాజరు. పుస్తకంలో చూడండి, ఉంది. కాకపోతే ముఖం చూసి హాజరు వేసే యాప్‌తోనే చిక్కొచ్చింది. నాలుగింటి నుంచి మేలుకున్న పిల్లలు వరుసల్లో నిలబడే కునుకుతున్నారు. నేను ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరి గడ్డం పైకెత్తి, "కండ్లు తెరువు నాయినా, ఒక్కసారి తెరువు" అని బతిమాలుతుంటే తెరిచినవాడు ఫోటో తీసేలోపు మళ్లీ మూసేవాడు. పదిన్నరకు మొత్తం బడి చాపల మీద పడి నిద్రపోయింది. గుడ్డు రోజైనా మధ్యాహ్నం ఒక్కొక్కరినీ లేపి గుడ్డు చేతిలో పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం అధ్యక్షురాలు వచ్చింది. "సారూ, ఉపాయం మంచిదే. రాతే సక్కగ లేదు" అంది. ఆమె సంఘం తీర్మానాలు రాయించే మనిషి. ఆ మాట అనే అర్హత ఆమెకుంది. పెద్దసారు బోర్డు తుడిచి కొత్తగా రాశారు: "ఉదయం 8.45 గం.లకు, ఉపాధ్యాయుల సమక్షంలో." బోల్టును తన బ్యాగులో వేసుకుని నల్లగొండ తీసుకెళ్లిపోయారు.

సోమవారం మా బస్సు దారిలో టైరు పంక్చరై ఆగింది. మేం ఊళ్లో దిగేసరికి తొమ్మిదింబావు. వరుసలు కట్టి పిల్లలు నిలబడ్డారు. గోడ బయట కూలోళ్ల ఆటో, బజ్జీల పిండి కలపని హోటలాయన, గోలి చేతిలో పట్టుకుని తాత. ఎవరూ ఏమీ అనలేదు. గోడ పక్క పాప ఒక్కతే లేటుగా వచ్చినవాళ్ల పుస్తకం తెచ్చి పెద్దసారు ముందు తెరిచింది.

"కారణం రాయాలె సార్."

"బస్సు పంక్చరైందమ్మా."

"బస్సు కారణం చెల్లదని మీరే చెప్పిండ్రు సార్."

పెద్దసారు సంతకం పెట్టారు. కారణం గడిలో ఏం రాయాలో తోచక కాసేపు ఆలోచించి, "కోడి గుడ్డు పెడుతుందేమోనని" అని రాశారు. రెండో తరగతివాడొక్కడే తృప్తిగా తల ఊపాడు.

ఆ రాత్రే ఆయన నైట్ హాల్ట్ బస్సులో దుప్పటి, బోల్టు పట్టుకుని ఊళ్లో దిగారు. ఆఫీసు గది తాళం తీసుకుని బడి వరండా ఎక్కితే, అక్కడ అప్పటికే ముగ్గురు పడుకుని ఉన్నారు. మూడోవాడు సారును చూసి కొంచెం పక్కకు జరిగి, "మీరు నాలుగో నంబర్ సార్" అన్నాడు.