శబరి ఒడ్డున నిలబెట్టిన జనం

నిన్న రాత్రి జరిగిన పరాభవం ఇంకా చల్లారలేదు కనుక, చెప్పడంలో వరస కాస్త అటూ ఇటూ అయితే మన్నించాలి. అంతర్జాలంలోని ఒక విజ్ఞాన సర్వస్వంలో రాష్ట్రాల, జిల్లాల వ్యాసాలకు జనాభా, వైశాల్యం అంకెలు సరిదిద్దడం నాకు తీరికవేళల అలవాటు. మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది. మొన్న ఆదివారం తెలంగాణ వ్యాసంలో వైశాల్యం ఇంకా 1,14,840 చదరపు కిలోమీటర్లుగానే కనిపించేసరికి, పోలవరం ముంపు మండలాలు ఏడూ 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి కదా అని, దానిని 1,12,077గా దిద్దాను. పక్క గడిలోని జనసాంద్రత దానంతటదే 306 దాటినది కాస్తా 314కు ఎగబాకింది. ఒక్క అంకెతో రాష్ట్రాన్ని చిక్కబరచిన సంతృప్తితో కాఫీ తాగి పడుకున్నాను.

జనాభా గడిని మాత్రం నేను ముట్టుకోలేదు.

అందులో 2011 జనగణన నాటి 3,51,93,978 అనే పాత అంకె అలాగే ఉండిపోయింది. నేలతో పాటు మనుషులనూ పంపితే అది 3,50,03,674 కావాలి. అంటే 1,90,304 మందిని, కాళ్ల కింది నేలను లాగేసి, నేను తెలంగాణలోనే నిలబెట్టేశాను. వాళ్లను ఒక్కసారి ఊహించుకోండి: చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరుల నుంచి ముసలివాళ్లు, చంటిపిల్లలు, మేకలు (మేకలు జనగణనలోకి రావు కానీ మనుషుల వెంట వస్తాయి), అందరూ శబరి గోదావరిలో కలిసే చోట ఏ చదరపు కిలోమీటరూ ఆనకుండా గాలిలో నిలబడి, ఎవరో ఒకరు వచ్చి తమ గడిని సరిచేస్తారని ఎదురుచూస్తున్నారు. ఇంతలో ఆంధ్రప్రదేశ్ వ్యాసంలో మరో పుణ్యాత్ముడు 4,95,77,103 అని ముందే సరిగ్గా రాసి ఉన్నందువల్ల, ఆ జనమంతా అక్కడ నేల మీద ఒకసారి, ఇక్కడ గాలిలో ఒకసారి, మొత్తం రెండుసార్లు లెక్కకెక్కారు. 1,90,304 మంది కవలలను ఒక్క పూటలో పుట్టించిన ఘనత వేరెవరికైనా ఉందేమో నాకు తెలియదు.

మా బావమరిది కూనవరంలో బడిపంతులు. నిన్న రాత్రి భోజనాల వేళ ఫోను చేశాడు. మా ఆవిడ దానిని స్పీకరులో పెట్టింది. మామగారు, అత్తగారు కూడా పంక్తిలోనే ఉన్నారు. "బావా, మా నేలను ఆంధ్రకు పంపేసి మమ్మల్ని మాత్రం తెలంగాణలో అట్టిపెట్టుకున్నావట, మార్పుల చరిత్రలో నీ పేరే ఉంది. ఇవాళ రాత్రికి ఎక్కడ పడుకోవాలో కూడా రాసిపెట్టు," అన్నాడు. మామగారికి పొలమారింది. అది నవ్వేనని తర్వాత తెలిసింది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయితే 2021లో జరగవలసిన జనగణన 2027కు జారిపోతే, ఈలోగా తెలంగాణలో 10 జిల్లాలు 33 అయితే, ఆంధ్రలో 13 జిల్లాలు 2022లో 26 అయితే, ప్రతి ముక్కకూ ఆ 2011 నాటి తలలనే మళ్లీ మళ్లీ పంచవలసి వస్తే, ఎవరి చేయి తడబడదు? పైగా ఒకే అంకె వ్యాసం మొదటి వాక్యంలో, పక్క పెట్టెలో, రాష్ట్రాల జాబితాలో, జనసాంద్రత పట్టికలో నాలుగు చోట్ల దాక్కుని ఉంటుంది. ఒకదాన్ని దిద్దితే మిగిలిన మూడూ మనల్ని చూసి నవ్వుతాయి.

భోజనం సగంలో వదిలి, చేయి కడుక్కొని, జనాభాను 3,50,03,674గా మార్చాను. పొద్దున లేచి చూస్తే, ఇంతకాలం ఆ వ్యాసం వంక చూడని ఒక సీనియర్ సంపాదకుడు "మూలం చూపలేదు" అన్న రెండు ముక్కలు రాసి, నా మార్పులన్నిటినీ ఒక్క నొక్కుతో రద్దు చేశాడు. వైశాల్యం మళ్లీ 1,14,840. జనాభా మళ్లీ 3,51,93,978. పార్లమెంటు చట్టం చేసి పంపిన ఏడు మండలాలూ మేకలతో సహా వెనక్కు వచ్చేశాయి.

"తమ్ముడికి చెప్పకండి, సామాను సర్దుకుంటాడు," అంది మా ఆవిడ.